దీపం కింద ఫొటో

నా ఉద్యోగం ఏమిటో చెప్పడం కొంచెం కష్టం. అడిగేవాళ్లు తక్కువ కాబట్టి బతికిపోయాను. వెబ్‌సైట్లలో రాతలుంటాయి, ఫొటోలుంటాయి, ఫొటో దగ్గర క్యాప్షన్ అనే ఒక చిన్న వాక్యం ఉంటుంది. ఏ రాత పక్కన ఏ ఫొటో ఉండాలి, అది కుడివైపు ఉండాలా ఎడమవైపు ఉండాలా, దాని వాక్యం ఎంత పొడుగుండాలి, ఫొటోకీ అక్షరాలకీ మధ్య ఎంత ఖాళీ వదలాలి, ఇదీ నా పని. రాసేవాళ్లు వేరు, ఫొటోలు తీసేవాళ్లు వేరు. వాళ్లిచ్చినవాటిని నేను పక్కపక్కన కూర్చోబెడతాను. సంబంధాలు కుదిర్చేవాడి పనిలాంటిదే అనుకోండి. కుదిర్చేవాడికి మాత్రం పెళ్లి కాలేదు.

అంతకుముందు ఒక పత్రికాఫీసులో ఇరవై రెండేళ్లు పేజీలు పెట్టాను. అక్కడ కాగితం కాగితమే. ఎనిమిది కాలమ్‌ల వెడల్పు మన జన్మలో మారదు. ఎక్కడ పెట్టిన ఫొటో అక్కడే ఉండేది. పొద్దున టీకొట్టులో ఎవరో పేపరు విప్పితే, నేను పెట్టిన ముఖం నేను పెట్టినచోటు నుంచే చూసేది. ఆ భరోసా మీదే రోజులు గడిచాయి. తర్వాత మా ఎడిషన్ మూతపడింది. నలభై ఎనిమిదో ఏట రాయదుర్గంలో ఒక అద్దాల భవనం తొమ్మిదో అంతస్తులో కొత్త కొలువులో చేరాను. నా చుట్టూ ఉన్నవాళ్లంతా నాకంటే పాతికేళ్లు చిన్నవాళ్లు. మంచివాళ్లే, పేరు పెట్టడానికి లేదు. కానీ పక్క సీట్లో ఉన్నవాళ్లు కూడా నాతో మాట్లాడాలంటే మెసేజ్ పెడతారు. నేను తల తిప్పి "ఏంటి, చెప్పండి" అంటే చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి, "సర్, మెసేజ్ పెట్టాను, చూడండి" అంటారు. మళ్లీ చెవిలో పెట్టేసుకుంటారు.

ఉండేది నార్సింగిలో, ఒకే పడకగది ఉన్న ఇంట్లో. మా అంతస్తులో నాలుగిళ్లు. మూడిళ్ల గుమ్మాల ముందు చెప్పుల స్టాండ్లు నిండి, మెట్ల మీదికి కూడా చెప్పులు వచ్చేస్తాయి. నా గుమ్మం ముందు ఒకే జత ఉంటుంది, అదీ నేను ఇంట్లో ఉన్నప్పుడే. కూరలు కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకుంటాను. పప్పు ప్యాకెట్ ఇద్దరికి సరిపోయేలా కడతారు, సగం కట్టమంటే కట్టరు. అందుకని ఒకే పప్పు రెండు పూటలు తింటాను. శుక్రవారం సాయంత్రం ఆఫీసు వదిలితే సోమవారం పొద్దున దాకా నా నోట్లోంచి వచ్చే మాటలు "పప్పొకటి, వేపుడొకటి" అంతే. సోమవారం మొదటి మాటకు గొంతు జీరపోయి వచ్చేది. జాలిపడమని చెప్పడం లేదు, ఉన్నమాట చెబుతున్నాను. జాలిపడేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట.

ఆ భవనంలో నాతో నోరు విప్పి మాట్లాడే మనిషి ఒక్కతే ఉండేది. మా అంతస్తు ఊడ్చి తుడిచే హౌస్‌కీపింగ్ ఆవిడ. ఆ ఒక్క మనిషినీ నా చేతులతో నేనే పోగొట్టుకున్నాను. అది ఎలా జరిగిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఆవిడది పాలమూరు దిక్కు. వయసులో నాకంటే రెండు మూడేళ్లు చిన్న. భర్తతో కూలికి వచ్చింది, ఆయన ఇక్కడే పోయాడు. పిల్లలు లేరు. ఖాజాగూడలో బండరాళ్లకు ఆనుకుని ఉన్న ఒక రేకుల గదిలో కిరాయికి ఉండేది. చదువు రాదు. బస్సు నంబర్లు గుర్తుపట్టేది, సంతకం చేసేది, అంతవరకే.

మేము మొదట మాట్లాడుకున్నది ఒక ఫొటో గురించి. ఆరోజు నా స్క్రీన్ మీద ఒక స్కూలు వెబ్‌సైట్ ఉంది. ప్రిన్సిపాల్ గారి ఫొటో కుడివైపు, ఆమె సందేశం ఎడమవైపు పెట్టాను. నా వెనక నేల తుడుస్తున్న ఆవిడ ఆగిపోయింది.

"సార్, గీ మేడమ్ అలిగిందా?"

"ఎందుకమ్మా?"

"మాటలేమో గిటు దిక్కున్నయి. ఆమె మొకం అటు వెట్టింది. ఎవరో పిలుస్తుంటే ఇనబడనట్టు గూసున్నది."

నేను కుర్చీ తిప్పి ఆవిడ వైపు చూశాను. ఫొటోలో ముఖం రాత వైపు చూడాలి, పేజీ బయటికి చూడకూడదు. పత్రికలో కొత్తగా చేరిన కుర్రాళ్లకు ఈ ముక్క తలకెక్కించడానికి నాకు ఆరు నెలలు పట్టేది. తొందరలో నేనే మరిచిపోయాను. ఫొటోను ఎడమవైపుకు జరిపి, "ఇప్పుడో?" అని అడిగాను.

"ఇప్పుడు మాట్లాడుతున్నది" అని మాప్ కర్ర అందుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత రోజూ పదకొండింటికి నా కుర్చీ వెనక నాలుగైదు నిమిషాలు నిలబడేది. నేను ఆ పూట చేసిన పేజీ చూపించేవాడిని. చదువు వచ్చినవాళ్లు కింది వాక్యం చదివి, అందులో ఏం రాసి ఉంటే ఫొటోలో అదే చూస్తారు. ఆవిడ ఫొటోనే చదివేది. ఆసుపత్రి వెబ్‌సైట్ చూపిస్తే, "గీ డాక్టరు నవ్వుడు జూస్తే నాకు బుగులైతుంది సార్, మందులు మస్తు రాస్తడు" అనేది. అపార్ట్‌మెంట్ల ప్రకటన చూపిస్తే, "గింత పెద్ద ఇంట్ల గీ ఇద్దరేనా ఉండేది? ఊడ్చెటోళ్లు ఏరి?" అనేది. పై అంతస్తులో కూర్చున్న పెద్ద జీతాల డిజైనర్ల కంటే ఆవిడ మాట మీదే నాకు గురి. ఫొటోల మీద మొదలైన మాటలు మోకాళ్ల నొప్పుల మీదికి, అన్నం మీదికి వచ్చాయి. నేను తినే రెండు పూటల పప్పు సంగతి విని ఒకరోజు చిన్న డబ్బాలో చింతకాయ తొక్కు తెచ్చింది. నేను మొహమాటపడితే, "తినుండ్రి సార్, పాణం మంచిగైతది" అంది.

అలాంటి ఒక రోజునే వాళ్లక్క సంగతి చెప్పింది.

"అక్క ఉన్నది సార్, ఊర్లె. ఆరేండ్లాయె మాట్లాడక. మా ఆయన దవాఖానల పోయిండని కబురంపిన. ఊరోళ్లందరు వచ్చిన్రు. ఆమె మట్టి జేసినంక తెల్లారి వచ్చింది. బస్సు దొరకలే అన్నది. ఊరందరికి దొరికిన బస్సు ఆమెకే దొరకలేదా? నేను సచ్చినా నువ్వు రాకు అని జెప్పిన. ఫోన్ నంబర్ గూడ మార్చిన."

"ఒకసారి వెళ్లి రావచ్చు కదమ్మా" అన్నాను. ఏదో అనాలి కాబట్టి.

"పిలువని పేరంటానికి పోతనా సార్?" అంటూ మళ్లీ తుడవడం మొదలుపెట్టింది.

ఇప్పుడు నిజం చెప్పుకోవాలి. ఆ మాట విన్నప్పుడు నాకు బాధ కలగలేదు. లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. ఈవిడకీ ఎవరూ లేరు, ఈవిడా ఎక్కడికీ పోదు అనుకున్నాను.

ఆ రోజుల్లోనే మా పైవాళ్లకు ఒక ఆలోచన వచ్చింది. డ్రైవర్లు, గార్డులు, హౌస్‌కీపింగ్ వాళ్ల కోసం నెలకోసారి తెలుగులో ఒక పేజీ వేయాలని. లింకు వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో పెడతారు. ఆఫీసులో తెలుగు సరిగ్గా రాయగలిగినవాడిని నేనొక్కడినే కాబట్టి నా నెత్తిన పెట్టారు. నెత్తిన పెట్టినందుకు ఎగిరి గంతేసినంత పనిచేశాను. మళ్లీ తెలుగు పేజీ, మళ్లీ శీర్షికలు, మళ్లీ నా ఇష్టం. వెబ్ పేజీని అచ్చం పత్రిక పేజీలా పెట్టాను. వెడల్పుగా, రెండు భాగాలుగా. ఎడమ భాగంలో రాతలన్నీ, కుడి భాగంలో ఫొటోలన్నీ, ఎదురెదురుగా. క్యాప్షన్‌ను ఫొటో కింద పెట్టడం నాకు మోటుగా తోచింది. దాన్ని కూడా ఎడమవైపే, ఫొటోకి సరిగ్గా ఎదురుగా పెట్టి, "కుడివైపు చిత్రంలో" అని మొదలుపెట్టేవాడిని. ఇంత పెద్ద స్క్రీన్ మీద చూసుకుంటే ముచ్చటేసేది.

మూడో నెల ఆవిడ గురించి రాశాను. ఫొటో నేనే తీశాను. పండక్కి కొన్న ఆకుపచ్చ చీర కట్టుకుని వచ్చింది. ముందు పన్ను ఒకటి లేదని నోరు మూసుకునే నవ్వింది. ముఖం కొంచెం ఎడమవైపు తిప్పమన్నాను, రాత వైపు చూసేలా. క్యాప్షన్ రాయడానికి రెండు రోజులు పట్టింది. చివరికి, "కుడివైపు చిత్రంలో: మా తొమ్మిదో అంతస్తుకు అందరికంటే ముందు వచ్చే మనిషి" అని రాసి ఊరుకున్నాను.

అదే వారం ఎదురు భవనంలో పనిచేసే ఇంకొక హౌస్‌కీపింగ్ ఆవిడ జబ్బుచేసి చనిపోయింది. నేనెప్పుడూ ఆమెను చూడలేదు. ఆమెకు నాలుగు మాటల నివాళి అదే పేజీలో కింద వేయమని పైనుంచి మెసేజ్ వచ్చింది, పాస్‌పోర్ట్ సైజు ఫొటోతో సహా. వేశాను. పత్రిక అలవాటు కదా, నివాళి మాటలు అయ్యాక వెలుగుతున్న దీపం బొమ్మ ఒకటి పెట్టాను.

శుక్రవారం పొద్దున ఆవిడకు పేజీ చూపించాను. చాలాసేపు చూసింది. చీర కొంగు సర్దుకుంది, స్క్రీన్ మీద ఉన్న ఆవిడ కొంగు కాదు, తన కొంగు. తర్వాత వేలుపెట్టి చూపించింది.

"సార్, దీపం నాకు దగ్గర్ల ఉన్నది. జర కిందికి జరుపుండ్రి. మంచిగ లేదు."

అదెంత పని అనుకున్నాను. రెండు భాగాల్లోనూ మధ్యలో ఖాళీ వరసలు కొట్టి, చనిపోయినావిడ ఫొటోనీ నివాళినీ దీపాన్నీ బాగా కిందికి తోశాను. నా స్క్రీన్ మీద ఆవిడకూ ఆ దీపానికీ మధ్య ఇప్పుడు జానెడు తెల్లటి ఖాళీ. "గిప్పుడు మంచిగున్నది" అని వెళ్లింది.

సాయంత్రం పేజీ పంపించే ముందు మా డిజైన్ టీములో అమ్మాయి, పాపం నోటితోనే అడిగింది, "సర్, ఫోన్‌లో ఎలా వస్తుందో చూశారా?" అని. నాకు ముక్కు మీద కోపం. "నువ్వు పుట్టకముందు నుంచి పేజీలు పెడుతున్నానమ్మా" అన్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం నేను. ఆ అమ్మాయి ఇయర్‌ఫోన్ పెట్టేసుకుంది. గార్డులకూ డ్రైవర్లకూ ఊడ్చేవాళ్లకూ వేసే పేజీ అది. వాళ్లలో ఒక్కరి ఇంట్లోనూ కంప్యూటర్ ఉండదని, ఆ పేజీని చూసే ప్రతి మనిషీ అరచేతి వెడల్పు తెర మీదే చూస్తాడని నాకు తట్టలేదు. మొదటి రెండు నెలల పేజీలు వాళ్లకు ఎలా కనబడ్డాయో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ శని, ఆదివారాలు నేను చాలా సంతోషంగా ఉన్నాను. ఆవిడ తన ఫొటోను ఎవరెవరికి చూపిస్తూ ఉంటుందో ఊహించుకుంటూ గడిపాను. కర్రీ పాయింట్ అతనితో వానల గురించి కూడా రెండు మాటలు మాట్లాడాను.

సోమవారం పదకొండైంది, ఆవిడ రాలేదు. పదకొండున్నరకు హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ వచ్చాడు. అతనూ తెలంగాణవాడే, నెమ్మదస్తుడు. ఆరోజు మాత్రం ముఖం మాడ్చుకుని ఉన్నాడు.

"సార్, గా పేజీ చేసింది మీరేనా? రెండు దినాల సంది నా ఫోన్ మోగుడు ఆగలే. జూడుండ్రి జర" అంటూ తన ఫోన్ నా చేతికిచ్చాడు.

ఫోన్‌లో కుడి, ఎడమ లేవు. రెండు భాగాలు పక్కపక్కన పట్టవు కాబట్టి ఎడమ భాగం మొత్తం ముందు వచ్చింది, కుడి భాగం దాని కిందికి దిగింది. మొదట ఆవిడ గురించి రాసిన మాటలు వచ్చాయి, ఫొటో లేకుండా. "కుడివైపు చిత్రంలో" అన్న వాక్యం వచ్చింది, కుడివైపు ఏమీ లేకుండా. తర్వాత ఖాళీ. తర్వాత "కన్నీటి నివాళి" అన్న శీర్షిక, ఆ నాలుగు మాటలు, వెలిగే దీపం. ఆ దీపానికి సరిగ్గా కింద, ఆకుపచ్చ చీరలో, నోరు మూసుకుని నవ్వుతూ, మా తొమ్మిదో అంతస్తు ఆవిడ. ఆమె కింద మళ్లీ నేను కొట్టిన ఖాళీ వరసలన్నీ తెల్లగా పరుచుకున్నాయి. పేజీ అయిపోయిందనుకుని ఎవరైనా అక్కడే ఆగిపోతారు. చదువు రానివాళ్లకు అక్షరాలతో పనేముంది? దీపం, దాని కింద మనిషి. ఆ రెండే చాలు.

ఆ ముక్క వరకే ఫొటో తీసి ఎవరో గ్రూపులో పెట్టారు. అక్కడి నుంచి, ఆవిడ చనిపోయిందన్న కబురుగా, ఊళ్లకు పోయింది.

పేజీ సరిచేయడానికి పది నిమిషాలు పట్టింది. ఏ రాతనైనా దాని ఫొటోతో, దాని క్యాప్షన్‌తో కలిపి ఒకే పెట్టెలో కడితే ఎంత చిన్న తెర మీదైనా అవి విడిపోవు. పని నేర్చుకుంటున్న పిల్లలకు మొదటి వారంలో చెప్పే విషయం ఇది. చేతులు కాలాక నేను ఆకులు పట్టుకున్నాను. నిజంగా చనిపోయిన ఆ ఎదురు భవనం ఆవిడ ఫొటో అంత కింద ఎవరికీ కనబడనేలేదు. ఆమె కోసం వేసిన పేజీలో ఆమెను ఒక్కరూ చూడలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ తల దించుకుంటాను.

ఆవిడకేమీ కాలేదని, ఇంటి దగ్గరే ఉందని సూపర్‌వైజర్ చెబితే, సెలవు పెట్టి మధ్యాహ్నం ఖాజాగూడ వెళ్లాను. దారిలో నా భయం ఒక్కటే, ఆవిడ ఇక నా ముఖం చూడదని. పెద్ద పెద్ద మాటలు ఎందుకు, ఆ నాలుగైదు నిమిషాలు పోతే నాకిక ఏమీ లేదు. ఆటోలో కూర్చుని క్షమాపణ మాటలు పేర్చుకున్నాను, చెరిపాను, మళ్లీ పేర్చుకున్నాను.

గది తలుపు తీసే ఉంది. లోపల ముగ్గురు ఆడవాళ్లు, ఒక ముసలాయన కూర్చుని ఉన్నారు. ఆవిడ పొయ్యి దగ్గరుంది.

"అయ్యో సార్! మీరెందుకొచ్చిండ్రు ఇంత దూరం?"

నేను రెండు చేతులూ జోడించి, "అమ్మా, తప్పంతా నాది" అని ఇంకా పూర్తిచేయకముందే మూలనున్న పెద్దావిడ లేచింది. ముఖం చూస్తేనే తెలిసిపోయింది, వాళ్లక్క.

"ఓ సారూ, మా చెల్లె మొకం మీద దీపం వెట్టింది నువ్వేనా? చెట్టంత మనిషివి, కండ్లద్దాలు గూడ వెట్టుకున్నవు. సచ్చినోళ్లకు బతికినోళ్లకు తేడా తెల్వదా నీకు?"

ఆమె ఊపిరి తీసుకునేలోగా చెల్లెలే అందుకుని, జరిగింది చెప్పింది. శనివారం ఫోన్ ఇంట్లో చార్జింగ్‌కు పెట్టి, ఎవరిదో విల్లాలో గిన్నెలు తోమడానికి వెళ్లిందట.

"పన్నెండు కొట్టంగ వస్తున్న సార్. గల్లీల ఎవరో ఏడుస్తున్నరు. ఎవరు సచ్చిన్రో పాపం అనుకుంట వచ్చిన. జూస్తే మా అక్క. నా గడప మీద గూసోని, నా పేరు వెట్టి ఏడుస్తున్నది. నేను ముందట నిలవడి ఏందక్కా అన్న. లేచి చెంప మీద ఒక్కటి కొట్టింది. కొట్టి, ఇగ ఇడువలే."

"కొట్టనా మరి?" అంది అక్క. "సచ్చినా రాకు అన్నది. సచ్చిందంటే రాకుంట ఉంటనా? తెల్లారుగట్ల మొదటి బస్సెక్కిన. దారెంట నాది ఒక్కటే ఏడుపు, గిప్పుడు గూడ అందకుంట పోతనేమో అని."

అక్క కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఆవిడ నాకు టీ గ్లాసు అందించి, నవ్వింది. ఈసారి నోరు తెరిచే నవ్వింది.

"ఫికర్ వెట్టుకోకుండ్రి సార్. మా దిక్కు ఎవరి నెత్తి మీదన్న కాకి తన్నితే, వాళ్లు సచ్చిపోయిన్రని చుట్టాలకు అబద్ధం కబురంపుతరు. చుట్టాలు ఏడిస్తే దోషం పోతది, ఆయుష్షు పెరుగుతది. నాకు కాకి తన్నిందనుకుంట."

"కండ్లద్దాల కాకి" అంది అక్క.

గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ గదిలో నాలుగు వైపుల నుంచీ మాటలు వస్తున్నాయి, ఒకరి మాట మీద ఒకరు పడి మాట్లాడుకుంటున్నారు. అంతమంది మధ్య నేను కూర్చుని ఎన్నేళ్లయిందో లెక్క తెలియలేదు. నన్ను క్షమించారు, టీ పోశారు, రెండోసారి కూడా పోశారు. నేను భయపడింది జరగలేదు కదా అని గుండె కుదుటపడుతుండగా ఆవిడ అంది:

"ఇగ నేను అక్కతోని పోతున్న సార్. బుధారం నాడు. రెండెకరాల చేనున్నది, ఇద్దరం జేసుకుంటం. గీడ నాకెవరున్నరు?"

మంచిదే కదమ్మా అన్నాను. చాలా సంతోషం అన్నాను. రెండూ అబద్ధాలే. నాకు సంతోషం కలగలేదు, అసూయ కలిగింది. ఆరేళ్ల కోపం ఒక్క తప్పు ఫొటోతో కరిగిపోయింది. ఆ తప్పు నేనే చేశాను. లాభం మాత్రం ఆ అక్కకు వెళ్లింది. "గీడ నాకెవరున్నరు" అన్నప్పుడు ఆవిడ నన్ను బాధపెట్టాలని అనలేదు. నేను ఉన్నానని ఆవిడకు తట్టలేదు, అంతే. తట్టడానికి నేనెవరిని? రోజుకు నాలుగైదు నిమిషాలు కుర్చీ తిప్పి మాట్లాడిన మనిషిని. "ఉండిపోండి" అని అడిగే హక్కు ఆ నాలుగైదు నిమిషాలకు రాదు. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది, టీతో పాటు మింగేశాను.

సాగనంపడానికి గల్లీ చివర దాకా వచ్చింది. ఆటో కోసం నిలబడి ఉంటే, ఏదో గుర్తొచ్చినట్టు అడిగింది.

"సార్, గిట్ల మీ ఫొటో మీద దీపం వెట్టి వస్తే, ఎవరొస్తరు?"

వెటకారం లేదు ఆ ప్రశ్నలో. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నేను ఆలోచించాను. కూకట్‌పల్లిలో మా పిన్ని కొడుకు ఉన్నాడు. ఆదివారమైతే వస్తాడు. ఆఫీసులో వాళ్లు గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు పెడతారు. ఇంకెవరు? ఎంత వెతికినా అంతకు మించి తేలలేదు.

"మీరొస్తారు కదమ్మా" అన్నాను, నవ్వుతూ.

ఆవిడ నవ్వలేదు. "వస్త సార్. కానీ నాకెవరు పంపుతరు?"

నేను పోతే ఆవిడకు కబురు పెట్టాలని తట్టేవాళ్లు ఎవరున్నారు? ఎవరూ లేరు. ఆవిడ రవికెలోంచి ఫోన్ తీసి నాకిచ్చింది.

"మీ నంబర్ వెయ్యుండ్రి. పేరు రాస్తే నాకు చదువరాదు, ఫొటో వెట్టాలె." తిరిగి తీసుకుని, ఎండలో కళ్లు చికిలించి, నన్ను అక్కడే ఒక గోడ పక్కన నిలబెట్టి ఫొటో తీసింది. ముఖం ఎటు తిప్పాలో ఆవిడే చెప్పింది. "నా దిక్కు జూడుండ్రి" అంది. నా నంబర్ పక్కన ఆ ఫొటో పెట్టడం మాత్రం నేనే చేసిచ్చాను. బుధవారం వాళ్లు వెళ్లిపోయారు.

మూడు నెలలు ఆగి, ఒక ఆదివారం ఫోన్ చేశాను. చేయడానికి కారణం ఏదైనా ఉంటే బాగుండునని పొద్దుటి నుంచి వెతికాను, దొరకలేదు. ఫోన్ ఎత్తింది వాళ్లక్క. తెర మీద నా ముఖం కనబడి ఉంటుంది. హలో అనలేదు, ఒక్కసారిగా కంగారు పడిపోయింది.

"సారూ, ఏమైంది? పాణం మంచిగున్నదా? ఎవరికేమన్న అయ్యిందా?"

"ఏమీ కాలేదమ్మా. ఊరికే చేశాను."

"ఊరికెనా?" అని ఆమె ఊపిరి వదలడం వినిపించింది. "నీ మొకం గనవడంగనే గుండె ఝల్లుమన్నది సారూ. ఊరికె ఎవరన్న ఫోన్ జేస్తరా? చెల్లె చేనుకాడికి వోయింది. వచ్చినంక చెప్పాల్నా?"

"అక్కర్లేదమ్మా, పనేమీ లేదు" అన్నాను.

"పని లేకుంటె సరె తియ్" అని ఆమె ఫోన్ పెట్టేసింది. చెప్పమనే అనాల్సింది. సాయంత్రం దాకా ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చున్నాను.